సాయానికి పరిగెత్తే ముందు: ఒక కాలనీలో వాలంటీర్లకు ఇచ్చిన విపత్తు శిక్షణ, కేస్ స్టడీ

విపత్తు వచ్చిన మొదటి గంటల్లో మనిషిని కాపాడేది చాలావరకు పక్కింటివాళ్లే. రెస్క్యూ టీమ్‌ల చేతకానితనం ఇందులో ఏమీ లేదు. ఆ టీమ్‌లు ఉండేవి కొన్నే, ఊరంతా ఒకేసారి పిలుస్తుంది, దారులు తెగిపోయి ఉంటాయి, ఫోన్లు కలవవు. 1995 జనవరిలో జపాన్‌లోని కోబే భూకంపంలో శిథిలాల కింద నుంచి ప్రాణాలతో బయటపడినవాళ్లలో ఎక్కువమందిని తీసింది ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లే. అంతకు పదేళ్ల ముందు, 1985 సెప్టెంబర్ 19న, మెక్సికో సిటీ భూకంపంలో ఏ ట్రైనింగూ లేని మామూలు జనం దాదాపు 800 మందిని బయటికి లాగారు. అలా లాగబోయి వందమందికి పైగా వాలంటీర్లు చనిపోయారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపించిన ప్రతిసారీ నాకు మనసు తరుక్కుపోతుంది. అక్కడికి వెళ్లి పరిస్థితి చూసొచ్చిన లాస్ ఏంజెలిస్ అగ్నిమాపక శాఖవాళ్లు మామూలు పౌరులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. అదే తర్వాత సర్ట్ (పౌరుల అత్యవసర స్పందన బృందం) అనే పేరుతో పెరిగి, 1993 నుంచి విపత్తుల పని చూసే అక్కడి కేంద్ర సంస్థ ఫెమా ద్వారా అమెరికా అంతటా వెళ్లింది, ఇంకా చాలా దేశాల్లో దాన్ని తమకు తగ్గట్టు మార్చుకుని వాడుతున్నారు.

నేను చేసే పని ఇలాంటి శిక్షణలు ఇవ్వడమే. జనం సాయం చేస్తారా లేదా అన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. ఎలాగూ చేస్తారు, ఆపినా ఆగరు. శిక్షణ చేయాల్సింది ఆ సాయానికి ఒక వరస ఇవ్వడం: ముందు ఏ తలుపు కొట్టాలి, ఎక్కడ ఆగిపోవాలి, చూసింది ఎవరికి చెప్పాలి. ఈ కేస్‌లో మేం ఏం నేర్పాం, అందులో నిజంగా ఏది అక్కరకొచ్చింది, ఏది రాలేదు అన్నది వివరంగా రాస్తున్నాను. కాలనీ పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు.

మొదటి వరదలో ఏం జరిగింది

కాలువ పక్కన పల్లంలో ఉన్న కాలనీ. సొంత ఇళ్లవాళ్లు సగం, అద్దెకుండేవాళ్లు సగం. మేం అక్కడికి వెళ్లేటప్పటికే ఒక పెద్ద వరద వచ్చి వెళ్లింది. ఎవరూ చనిపోలేదు. ఆ మాట అందరూ గర్వంగా చెప్పారు, గర్వపడాల్సిందే. కానీ కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడుతుంటే వేరే సంగతులు బయటికొచ్చాయి.

ఒక కుర్రాడు మోకాలి లోతు నీళ్లలో నాలుగైదు ఇళ్లకు తిరిగి పిల్లల్ని భుజాన వేసుకుని తెచ్చాడు. అప్పటికి ఆ వీధిలో కరెంటు ఇంకా తీయలేదు. ఒక ఇంట్లో స్విచ్ బోర్డు దాకా నీళ్లొచ్చి ఉన్నాయి. అతనికి ఏమీ కాలేదంటే అది అదృష్టమే. ఇంకోచోట ఇంటి వెనక గదిలో మంచం మీదే ఉండే ఒక పెద్దావిడ ఉందని వీధిలో ఎక్కువమందికి తెలియదు, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ అటు వెళ్లలేదు. వీధి మొదట్లో ఉన్న ఇళ్లకు మంచినీళ్ల బాటిళ్లు మూడుసార్లు అందాయి, చివరి ఇళ్లకు ఒక్కసారీ రాలేదు. సాయం చేసేవాళ్లు తక్కువై కాదు. వందమంది ఒకే పని చేస్తూ పక్క పనిని ఎవరూ చేయకపోవడం వల్ల.

కాలనీ సంఘంవాళ్లు మమ్మల్ని పిలిచినప్పుడు వాళ్ల కోరిక సూటిగానే ఉంది: పడవ నడపడం నేర్పండి, తాళ్లు, లైఫ్ జాకెట్లు ఇప్పించండి. అడగడం తప్పేం కాదు. కానీ పైన చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కదానికీ పడవతో పరిష్కారం లేదని వాళ్లతోనే వరుసగా రాయించాం. ఆ కాగితమే మా సిలబస్‌కు మొదటి పేజీ అయింది.

ఎవరొచ్చారు, ఎవరు రాలేదు

పిలుపు ఇవ్వగానే వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపు అబ్బాయిలు. ఉత్సాహం, బలం, ఈత వచ్చు. వాళ్లు కావాలి. అయితే వాళ్లలో చాలామంది పగలు కాలేజీలోనో ఉద్యోగంలోనో, కాలనీకి దూరంగా ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి ఏదైనా జరిగితే కాలనీలో ఎవరుంటారు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్, ఇంటి దగ్గరే కుట్టుపని చేసుకునేవాళ్లు, అలా చేరుతూ చేరుతూ చివరికి 30 మందికి పైగా అయ్యారు, అందులో సగానికి దగ్గరగా ఆడవాళ్లు.

ఇది మర్యాద కోసం చేసిన పని కాదు. బంగ్లాదేశ్ అనుభవం మా ముందుంది. 1970 తుఫానులో అక్కడ లక్షల మంది చనిపోయాక, 1972లో రెడ్‌క్రాస్‌తో కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టారు, ఊరివాళ్లే వాలంటీర్లు, ఊళ్లోవాళ్లకే హెచ్చరిక. అయినా 1991 తుఫానులో మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువగా చనిపోయారు. హెచ్చరిక బజారు దాకా వచ్చి ఇంటి గడప దగ్గర ఆగిపోవడం అందుకు ఒక కారణం. ఇప్పుడు ఆ కార్యక్రమంలో ఉన్న సుమారు 76 వేల మంది వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్లే. తలుపు ఎవరు కొడుతున్నారన్నదాన్ని బట్టే చాలాసార్లు ఆ తలుపు తెరుచుకుంటుంది.

మనుషులు కుదిరాక ప్రతి ఒక్కరితో ఒక కార్డు రాయించాం. ఏ పని వచ్చు, ఏ పని చేయలేరు, ఇంట్లో వాళ్ల మీద ఆధారపడి ఉన్నది ఎవరు. మూడో గడి మీద చాలా పట్టుబట్టాను. ఇంట్లో పాలుతాగే పిల్లనో, మంచాన ఉన్న తండ్రినో వదిలి వీధిలోకి వచ్చిన వాలంటీర్ మనసు సగం ఇంటి దగ్గరే ఉంటుంది, ఏ క్షణంలోనైనా వెనక్కి పరిగెడతారు. అందుకని మొదటి పాఠం: ముందు మీ ఇల్లు. మీ ఇంట్లోవాళ్లు క్షేమంగా ఉన్నారని తేల్చుకున్నాకే వీధిలోకి రండి. ఇది స్వార్థం అని ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. ఆయన ఇంట్లో ఇన్సులిన్ ఎన్ని రోజులకు సరిపడా ఉందని అడిగితే తెలియదన్నారు. తర్వాతి వారం ఆయనే ఇంట్లో మందులు, కాగితాలు, టార్చి, మంచినీళ్లు అన్నీ ఒక సంచిలో సర్ది ఫోటో తీసుకుని వచ్చి అందరికీ చూపించారు.

ముందు ఆగడం

శిక్షణలో ఎక్కువ సమయం తిన్నది ఇదే, అలా తినాలి కూడా. సాయానికి వచ్చిన మనిషికి కాళ్లు ముందు కదులుతాయి, కళ్లు తర్వాత చూస్తాయి. దీన్ని తిరగేయడానికి మేం పెట్టిన నియమం చాలా చిన్నది. ఎక్కడికైనా అడుగు పెట్టేముందు పక్కనున్న జతగాడికి మూడు మాటలు పైకి చెప్పాలి: నాకు ఏం కనిపిస్తోంది, అక్కడ నాకు ఏం కావచ్చు, నేను వెళ్తున్నట్టు ఎవరికి తెలుసు. మనసులో అనుకుంటే సరిపోదు, నోటితో చెప్పాలి. ఒంటరిగా వెళ్లడం అసలే లేదు, ఎప్పుడూ ఇద్దరు.

మొదట్లో ఇది వాళ్లకు ఎబ్బెట్టుగా ఉండేది. "ప్రాణం పోతుంటే ఉపన్యాసం ఏంటి సార్" అని ఒకబ్బాయి అన్నాడు. మూడు మాటలకు పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లలోనే వేలాడుతున్న వైరు కనిపిస్తుంది, గ్యాస్ వాసన తెలుస్తుంది, గోడ మీద కొత్తగా వచ్చిన పగులు కంటబడుతుంది.

నీళ్ల విషయంలో అంకెలు చెప్పడం బాగా పనిచేసింది. పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా నిలబడ్డ మనిషిని పడేయగలవు. 30 సెంటీమీటర్లకు చిన్న కారు కొట్టుకుపోతుంది, 60 అయితే పెద్ద వాహనాలు కూడా. వినడానికి ఎవరూ నమ్మరు, అందుకని స్కేలు తీసుకుని వాళ్ల కాళ్ల మీదే గుర్తు పెట్టించాం. 15 అంటే పిక్క సగానికి కూడా రాదు. ఆ గుర్తు చూసుకున్నాక ఈత వచ్చిన అబ్బాయిల్లో ఒక నిశ్శబ్దం వచ్చింది. ఆ తర్వాత వరస నేర్పాం: ముందు కర్రో దుప్పటో అందించు, అందకపోతే తాడు విసురు, అదీ కుదరకపోతే పడవ. నువ్వు నీళ్లలోకి దిగడం ఈ వరసలో లేదు, అది శిక్షణ పొందిన రెస్క్యూవాళ్ల పని. తాడు విసరడం తేలికగా కనిపిస్తుంది కానీ సరిగ్గా మనిషి చేతిలో పడేలా విసరడానికి మైదానంలో చాలా సాధన కావాల్సి వచ్చింది. చివరికి అందరికంటే గురిగా విసిరింది ఇద్దరు పిల్లల తల్లి.

కరెంటు సంగతి ఇంకా సూటిగా చెప్పాం. నీళ్లు రాకముందే మెయిన్ స్విచ్ తీసేయాలి. తడి నేల మీద నిలబడి దాన్ని ముట్టుకోకూడదు. నీళ్లు బోర్డు దాకా వచ్చేస్తే ఆ గదిలోకే వెళ్లొద్దు, విద్యుత్ శాఖకు చెప్పి వీధి మొత్తానికి లైను తీయించాలి. దీనికోసం ముందే అక్కడి లైన్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి వాలంటీర్లకు పరిచయం చేశాం, ఎవరు ఫోన్ చేస్తే ఆయన నమ్ముతారో తేల్చుకున్నాం. విపత్తు రాత్రి ఎవరో తెలియని గొంతు ఫోన్ చేసి లైన్ తీసేయండి అంటే ఎవరు తీస్తారు?

కూలిన ఇళ్ల గురించి మాది ఒకటే గీత. చిన్న పగుళ్లు, కిందపడ్డ సామాన్లు అయితే లోపలికి వెళ్లి వెతకొచ్చు. గోడలు పక్కకు ఒరిగినా, స్తంభం విరిగినా, పైకప్పు జారినా బయటి నుంచి పిలవడం, జవాబొస్తే ఎక్కడి నుంచి వస్తోందో రాసుకోవడం, అంతే. బరువు కింద చిక్కుకున్నవాళ్ల విషయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. ఒంటి మీద పెద్ద బరువు గంటో అంతకంటే ఎక్కువో ఉంటే నలిగిన కండల్లోంచి పొటాషియం వంటివి పోగుపడతాయి, బరువు ఒక్కసారిగా తీసేస్తే అవి రక్తంలో కలిసి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఎప్పటి నుంచి చిక్కుకున్నారో టైమ్ రాసి పెట్టుకోవడం, బరువు తీసే ముందు వైద్య సిబ్బందికి చెప్పడం రెండూ గట్టిగా నేర్పాం.

దాటి వెళ్లడం

గాయపడినవాళ్లు చాలామంది ఉన్నప్పుడు ఎవర్ని ముందు చూడాలో తేల్చే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది స్టార్ట్. 1983లో కాలిఫోర్నియాలో హోగ్ ఆస్పత్రి, న్యూపోర్ట్ బీచ్ అగ్నిమాపక శాఖ కలిసి తయారుచేశాయి. ఇందులో ఒక్కొక్కరికి ఒక రంగు కడతారు: ఎరుపు అంటే వెంటనే చూడాలి, పసుపు అంటే కాస్త ఆగొచ్చు, ఆకుపచ్చ అంటే చివర్లో చూడొచ్చు, నలుపు అంటే చనిపోయారు లేదా బతికే ఆశ లేదు. ముందు గట్టిగా అరవాలి: "నడవగలిగినవాళ్లు ఇటు రండి." వచ్చినవాళ్లు ఆకుపచ్చ. మిగిలినవాళ్ల దగ్గర మూడే చూడాలి. శ్వాస నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోయినా ఎరుపు. "నా చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంటే అర్థం చేసుకోలేకపోతే ఎరుపు. ఇవేవీ లేకపోతే పసుపు. శ్వాసే లేకపోతే తల వెనక్కి వంచి దారి తెరవాలి, అప్పుడైనా మొదలైతే ఎరుపు, అప్పటికీ రాకపోతే నలుపు. ఒక్కొక్కరి దగ్గర నిమిషం మించకూడదు. ఆ నిమిషంలో చేయగలిగిన వైద్యం కూడా రెండే: శ్వాస దారి తెరవడం, ధారగా కారే రక్తాన్ని గట్టిగా నొక్కి ఆపడం.

పద్ధతి గంటలో వచ్చేస్తుంది. దాటి వెళ్లడం మాత్రం అంత త్వరగా రాదు. ప్రాక్టీస్‌లో ఒక వాలంటీర్ పద్నాలుగేళ్ల కుర్రాడి దగ్గర ఆగిపోయింది. వాడి పాత్ర నలుపు. తల రెండోసారి వంచింది, మూడోసారి వంచింది. వెనక ఎరుపు పాత్రలు రెండు పడి ఉన్నాయి. నేను ఏమీ అనలేదు. తనే తలెత్తి, "వీడు మా పక్కింటి పిల్లాడు సార్, వాళ్లమ్మకి నేనేం చెప్పాలి?" అంది.

ఆ రోజు మిగతా పాఠం ఆపేసి అందరం దీని గురించే మాట్లాడుకున్నాం. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకు వచ్చే పేషెంట్ తెలియనివాడు. కాలనీ వాలంటీర్‌కి ప్రతి ముఖం తెలుసు, రేపు అదే వీధిలో ఆ తల్లి ఎదురవుతుంది. ఈ తేడాను నేను చూసిన శిక్షణ పుస్తకాలు చాలా తక్కువ పట్టించుకుంటాయని నా అభిప్రాయం. మేం అక్కడ రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఎవరి వీధి వాళ్లు కాకుండా పక్క వీధి బృందం వచ్చి రంగులు కట్టాలి, అవకాశం ఉన్నంతవరకు. రెండోది, నలుపు కట్టిన ప్రతి మనిషి దగ్గరికీ ఎరుపులన్నీ చూశాక మళ్లీ వెళ్లాలి, తప్పనిసరిగా. రెండోసారి వెళ్తామన్న భరోసా ఉంటే మొదటిసారి దాటడం కొంచెం సాధ్యమవుతుంది.

తర్వాత వచ్చిన వరదలో ఈ రంగుల అవసరమే పడలేదు. అయినా మళ్లీ ఎక్కడ శిక్షణ ఇచ్చినా దీన్ని తీసేయను. ఎదురుగా కనిపించే బాధను దాటి, కనిపించని బాధ దగ్గరికి ముందు వెళ్లడం అనే అలవాటు ఇక్కడే పడుతుంది, అది మిగతా అన్ని పనుల్లోనూ అక్కరకొచ్చింది.

వీధి జాబితా

పెద్దావిడ సంగతి విన్నప్పటి నుంచే జాబితా కావాలని అందరికీ తెలుసు. రాయడం మొదలుపెట్టాక తెలిసింది అదెంత నాజూకైన పనో. ఎవరింట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది, ఎవరికి డయాలసిస్, ఎవరు నడవలేరు, ఎవరికి వినపడదు, ఎవరు గర్భవతి, ఏ ఇంట్లో వృద్ధులు ఒంటరిగా ఉంటారు. ఇదంతా బయటివాళ్లకు చెప్పడానికి జనం ఇష్టపడరు, ఇష్టపడకపోవడం న్యాయమే. వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇళ్ల జాబితా దొంగల చేతికి వెళ్తే?

అందుకని ఒక వీధికి ఒకే కాగితం, చేత్తో రాసింది, ఆ వీధి లీడర్ ఇంట్లో మూసిన కవర్లో. ఫోన్‌లో ఫోటో తీయకూడదు, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకూడదు. చెప్పడం ఇష్టం లేనివాళ్ల ఇంటి నంబర్ పక్కన ఒక చుక్క మాత్రం పెడతాం, "ముందు ఈ తలుపు కొట్టాలి" అని అర్థం, ఎందుకన్నది రాయం. ఈ చుక్క పద్ధతి ఒక వాలంటీర్ ఆలోచన, నాకు చాలా నచ్చింది. చుక్కకు ఒప్పుకోనివాళ్లు ఒకరిద్దరి కంటే ఎక్కువ లేరు.

సమాచారం ఎవరు ఎవరికి చెప్పాలన్నదీ ఇక్కడే కలిపాం. ఒక లీడర్ కింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా, ఐదుగురైతే మేలు, అంతకు మించితే ఎవరెక్కడున్నారో తెలియదు. ఈ లెక్క అత్యవసర సేవలవాళ్లు ప్రపంచమంతటా వాడేదే. ఫోన్లు పనిచేయవని ముందే అనుకుని, కాగితం ముక్క మీద ఇంటి నంబర్, మనుషులెందరు, పరిస్థితి, టైమ్ రాసి కుర్రాళ్ల చేత పంపించే సాధన చేశాం. విజిల్‌కి మూడు సంకేతాలు.

రాత్రిపూట, వీధి దీపాలు ఆర్పించి చేసిన డ్రిల్‌లో ఇంకో సంగతి బయటపడింది. కొన్న స్ట్రెచర్ ఆ ఇళ్ల మెట్ల మలుపులో తిరగదు. ఎటు వంచినా గోడకు తగులుతుంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకోవడం, దుప్పటిలో నలుగురు మోయడం, ఇవే పనికొచ్చాయి. స్ట్రెచర్‌ని బయట రోడ్డు మీదికి మాత్రం ఉంచుకున్నాం.

మళ్లీ నీళ్లొచ్చిన రాత్రి

వరద మళ్లీ రాత్రిపూటే వచ్చింది. కాలువ నీటిమట్టం పెరుగుతోందని సాయంత్రమే తెలిసింది కాబట్టి కొంత సమయం దొరికింది. వీధి లీడర్లు కవర్లు తెరిచి ముందు చుక్కలున్న తలుపులు కొట్టారు. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న ఒకాయన్ని కరెంటు ఉండగానే ఎత్తైన చోటున్న బంధువుల ఇంటికి చేర్చారు, మిషన్‌తో సహా. ఆయన వెళ్లారని కాగితం వచ్చాకే లైన్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ వెళ్లింది, వీధి మొత్తానికి లైను తీశారు. ఈ రెండు పనుల వరస తారుమారైతే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఎవరూ వాళ్లకు ఆ రాత్రి ఇది ముందు, అది తర్వాత అని చెప్పలేదు. కాగితం మీద రెండూ పక్కపక్కన రాసి ఉండటం వల్ల వాళ్లే చూసుకున్నారు.

మధ్యలో ఒకాయన ఇంటి కాగితాలు మర్చిపోయానని నీళ్లలోకి వెనక్కి వెళ్లబోయారు. గట్టివాడు, మాట వినే రకం కాదు. వాలంటీర్ అమ్మాయి వాదించలేదు. "అంకుల్, నేనూ వస్తా, కానీ మీరు ఏం చూస్తున్నారో నాకు చెప్పండి" అంది. ఆయన టార్చి వేసి చూసి, గేటు దగ్గర నీళ్లు సుడి తిరుగుతున్నాయని తనే చెప్పి తనే ఆగిపోయారు. మూడు మాటల నియమం వాలంటీర్లకే కాదు, ఎదుటివాళ్లకూ పనిచేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు దాన్ని అలాగే నేర్పుతున్నాను.

తెల్లవారాక రెస్క్యూ పడవలు వచ్చినప్పుడు వీధుల నుంచి వచ్చిన కాగితాలన్నీ కలిపి ఒక పేజీ వాళ్ల చేతిలో పెట్టారు: ఏ ఇంట్లో ఎందరున్నారు, పై అంతస్తులోనా కిందనా, ఎవరికి మందులు కావాలి, ఏ ఇళ్లు ఖాళీ. పడవ వీధంతా తిరిగి అరవాల్సిన పనిలేకుండా నేరుగా ఆయా ఇళ్లకు వెళ్లింది. నా లెక్కలో ఈ శిక్షణ మొత్తానికి దక్కిన అతి పెద్ద ఫలితం ఆ ఒక్క పేజీ.

జరగనివీ ఉన్నాయి. జాబితాలో అద్దె ఇళ్ల వివరాలు పాతబడిపోయాయి. ఒక వెనక వీధిలో ఉన్నట్టు రాసినవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, కొత్తగా వచ్చినవాళ్ల పేర్లు ఎక్కలేదు. ఒక కుటుంబం బాలింతతో పై గదిలో ఉందన్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది, క్షేమంగానే ఉన్నారు కానీ ఆ కొన్ని గంటలు వాళ్లు ఎంత భయపడ్డారో వాళ్ల నోటే విన్నాను. ఇంకోటి పుకార్లు. పైన గట్టు తెగిందని ఎవరో ఆడియో మెసేజ్ పంపితే సగం వీధి చీకట్లో పరుగు అందుకుంది, తాపీగా మెట్ల మీద కూర్చున్నవాళ్లు కూడా నీళ్లలోకి దిగారు. నిజమైన కబురు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు చెబితే నమ్మాలి అన్నది జనానికి ముందే తెలిసి ఉండాలి, వాలంటీర్లకు తెలిస్తే చాలదు.

నీళ్లు తీశాక

అందరూ సాయం అంటే మొదటి రెండు మూడు రోజులనే అనుకుంటారు. నా అనుభవంలో పక్కింటివాళ్ల అవసరం అప్పటి నుంచే పెరుగుతుంది. పడవలు, కెమెరాలు, నాయకులు వెళ్లిపోతారు. బురద, తడిసిన కాగితాలు, నిద్ర పట్టని పిల్లలు మిగులుతారు.

ఇళ్లకు తిరిగి వెళ్లడం గురించి ఒక పూట ప్రత్యేకంగా నేర్పడం చాలా మంచిదైంది. తడిసిన వైరింగ్‌ని ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. జనరేటర్ ఇంట్లో, వరండాలో, కిటికీ పక్కన పెట్టకూడదు, కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి, ఎందుకంటే దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. తాగే నీళ్లు తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగాలి. బురద ఎత్తేటప్పుడు బూట్లు, గ్లవుజులు, ఒంటి మీద గాయముంటే ఆ పని వేరేవాళ్లు చేయాలి. కడిగేముందు నష్టాన్ని ఫోటోలు తీసి పెట్టుకోవాలి, పరిహారానికైనా ఇన్సూరెన్స్‌కైనా అదే సాక్ష్యం. ఈ చివరి సలహా ఒక్కటే ఎంతమందికి ఉపయోగపడిందో, మా తాళ్లూ విజిళ్లూ అంతమందికి ఉపయోగపడి ఉండవు. ఫారాలు నింపడం వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. రోజంతా క్యూ.

మాట్లాడటం కూడా నేర్పాల్సిన పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడ్‌లో మూడే ముక్కలు: చూడు, విను, కలుపు. ఏం కావాలో చూడు, చెప్పేది విను, కావాల్సినవాళ్లతో కలుపు. జరిగిందంతా చెప్పించమని అందులో లేదు. బలవంతంగా అంతా కక్కించే ఒకసారి కౌన్సెలింగ్ వల్ల మేలు లేదని ఆ సంస్థే చెప్పింది. మా వాలంటీర్లకు బాగా కష్టమైంది కొన్ని మాటలు మానుకోవడం. "ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు", "మీకంటే వాళ్లకి ఇంకా పోయింది", "ఏడవకండి". మంచి మనసుతోనే అంటారు, కానీ వినేవాళ్లకు నోరు మూతపడుతుంది. బదులుగా ఏమనాలి అని అడిగారు. ఏమీ అనకుండా పక్కన కూర్చోవచ్చు. "రాత్రి నిద్ర పట్టిందా?", "ఇప్పుడు ముందుగా ఏ పని తెమలాలి?" ఇలాంటివి చాలు. ఒకామె తన కుట్టుమిషన్ తడిసిపోయిందని మూడు రోజులుగా ఏడుస్తుంటే, వాలంటీర్ ఆమెను ఓదార్చే పని పెట్టుకోకుండా మిషన్ బాగుచేసే మనిషిని వెతికి తీసుకొచ్చింది. ‘కలుపు’ అంటే ఇదే.

మరి వాలంటీర్ల సంగతి? అలసిపోయారు. ఇద్దరు ముగ్గురు రాత్రీ పగలూ ఇళ్లకు వెళ్లకుండా తిరిగి చివరికి ప్రతిదానికీ కసురుకునే దాకా వచ్చారు. వాళ్ల ఇళ్లూ మునిగాయని అందరూ మర్చిపోయారు, వాళ్లతో సహా. ఇప్పుడు డ్యూటీ ఎనిమిది గంటలు దాటకూడదని, దాటితే లీడర్ ఇంటికి పంపేయాలని రాతపూర్వకంగా పెట్టాం. పంపేయడం అంటే అవమానం కాదని డ్రిల్‌లోనే అలవాటు చేస్తున్నాం.

అప్పటి నుంచి మార్చినవి కొన్ని. ప్రతి వీధికి ఇద్దరు లీడర్లు, ఒకరు పగలు ఇంటి దగ్గర ఉండేవాళ్లు, ఒకరు రాత్రి. అద్దెకు కొత్తగా ఎవరు దిగినా ఇంటి యజమాని వారంలోపు లీడర్‌కి చెప్పాలి, ఒప్పుకున్నవాళ్లు చెబుతున్నారు, ఒప్పుకోనివాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాం. సీపీఆర్‌, రక్తం ఆపడం లాంటి చేతి పనులు నేర్చుకున్న కొన్ని నెలల్లోనే మరుపున పడతాయి కాబట్టి మూడు నెలలకోసారి ఒక పూట మళ్లీ చేయిస్తున్నాం. ఆ పూటకు వచ్చేవాళ్లు తగ్గుతున్నారు, వరద లేని ఏడాది మరీ తగ్గుతారు. పాఠం పెట్టకుండా డ్రిల్ ఒక్కటే పెడితే కాస్త ఎక్కువమంది వస్తున్నారు.

ఇంకా తెగని విషయం కూలి. రోజు కూలితో బతికేవాళ్లు మా బృందంలో మంచి వాలంటీర్లు, నీళ్లు తీశాక మూడు రోజులు బురద ఎత్తితే మూడు రోజుల కూలి పోతుంది. జీతం ఉన్నవాళ్లకు ఆ నష్టం లేదు. కాలనీ సంఘం నిధి నుంచి వాళ్లకు ఏదైనా ఇవ్వాలని నేను గట్టిగా అడుగుతున్నాను. డబ్బు ఇస్తే అది సేవ ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. వచ్చే సమావేశంలో మళ్లీ ఇదే మాట పెట్టబోతున్నాను, ఈసారి ఆ కూలి పోగొట్టుకున్నవాళ్లనే మాట్లాడమని అడిగాను, ఒప్పుకున్నారు.